పాత ప్రభుత్వ బ్లాకులు తీసి అన్ని ఆదాయాల వారికీ కలిపి కడితే చుట్టుపక్కల వీధులకు ఏమవుతుంది?

విజయవాడలో ఒక పాత ప్రభుత్వ గృహ సముదాయానికి ఆనుకున్న వీధిలో సొంత ఇల్లు ఉన్న పెద్దమనిషి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆ జి ప్లస్ త్రీ (నేల అంతస్తు, పైన మూడు) బ్లాకులను పడగొట్టి, అదే స్థలంలో ఇప్పుడున్న వారికి కొన్ని ఫ్లాట్లు, మధ్యతరగతికి కొన్ని, మార్కెట్ ధరకు అమ్మేవి కొన్ని కలిపి కడతారని వీధిలో అనుకుంటున్నారట. అదే జరిగితే తన ఇంటి విలువ పడిపోతుందా, పై వాటాకు వచ్చే అద్దె ఏమవుతుంది, దొంగతనాలూ గొడవలూ పెరుగుతాయా, పని మొదలుకాక ముందే అమ్ముకోవడం మేలా అని ఆయన అడుగుతున్నారు. ఉద్యోగ జీవితమంతా పట్టణ ప్రణాళిక, ప్రభుత్వ గృహనిర్మాణ పనుల్లోనే గడిపినవాడిని కనుక వివరంగానే జవాబు రాస్తున్నాను.

ముందు విలువ సంగతి చూద్దాం. పేదల ఇళ్లు పక్కన వస్తే ధర పడిపోతుందన్న భయం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే, కానీ అన్ని చోట్లా అది నిజం కాలేదు. అమెరికాలో పన్ను రాయితీతో కట్టిన తక్కువ అద్దె భవనాల మీద రెబెకా డైమండ్, టిమ్ మెక్‌క్వేడ్ అనే ఆర్థికవేత్తలు 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆదాయం తక్కువగా ఉన్న పేటల్లో అలాంటి భవనం వచ్చినప్పుడు దానికి పదో వంతు మైలు లోపల, అంటే సుమారు 160 మీటర్ల లోపల, ఇళ్ల ధరలు 6.5 శాతం పెరిగాయి. ఆదాయం ఎక్కువగా ఉండి మైనారిటీ జనాభా తక్కువగా ఉన్న పేటల్లో మాత్రం 2.5 శాతం తగ్గాయి. పాడుబడిన చోట కొత్త భవనం రావడం వీధికి మేలుగా కనిపిస్తుంది, అప్పటికే తీరుగా ఉన్న చోట అదే భవనం అనవసరపు రద్దీగా తోస్తుంది. మీ విషయంలో ఇంకొక సంగతి ఉంది. మీ పక్కన పేదల ఇళ్లు కొత్తగా రావడం లేదు, ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ బ్లాకుల పక్కన ఉన్నందుకు తగ్గవలసిన ధర మీరు స్థలం కొన్ననాడే తగ్గిపోయింది. పెచ్చులూడిన బ్లాకుల స్థానంలో కొత్త కట్టడం వస్తే అక్కడినుంచి మరింత పడిపోవడానికి కారణం పెద్దగా కనిపించదు.

ఇలాంటి పునర్నిర్మాణాన్ని భారీ ఎత్తున చేసి చూసిన దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడి కాంగ్రెస్ 1989లో ఏర్పాటు చేసిన జాతీయ కమిషన్ 1992లో నివేదిక ఇస్తూ, సుమారు 86,000 ప్రభుత్వ ఇళ్లు, అంటే మొత్తంలో దాదాపు 6 శాతం, తీవ్రంగా దెబ్బతిన్న స్థితిలో ఉన్నాయని చెప్పింది. దాని మీదట హోప్ సిక్స్ అనే పథకం పుట్టింది. పేదలందరినీ ఒకేచోట కుదించి పెట్టడమే సగం అనర్థానికి మూలమని, ఆదాయాలు కలిస్తే బడి, అంగడి, పోలీసు అన్నీ మెరుగవుతాయని దాని వెనుక ఉన్న ఆలోచన. పడగొట్టిన ప్రతి ఇంటికీ బదులు ఒక ఇల్లు కట్టితీరాలన్న పాత నిబంధనను 1995లో నిలిపివేసి, 1998లో పూర్తిగా తీసివేశారు. అందువల్ల చాలాచోట్ల పేదలకు దక్కే ఇళ్ల సంఖ్య తగ్గింది, పాత నివాసుల్లో కొద్దిమందే తిరిగి అక్కడికి రాగలిగారు. చికాగోలో కాబ్రిని గ్రీన్ అనే పేరుమోసిన సముదాయంలో చివరి టవరు 2011లో నేలకూలింది. సంపన్నుల పేటకు కూతవేటు దూరంలో ఉన్నందున ఆ చుట్టుపక్కల స్థలాలకు గిరాకీ ఆకాశానికి ఎక్కింది. అదే పథకం గిరాకీ లేని ఊళ్లలో కొత్త ఇళ్లు తెచ్చింది గానీ చుట్టూ ఉన్న వీధుల్లో ఆ ఊపు తీసుకురాలేకపోయింది. కాబట్టి ధర సంగతిలో పథకం కంటే స్థలం ఎక్కడ ఉందన్నదే ఎక్కువ పనిచేస్తుంది.

అక్కడినుంచి వెళ్లిపోయిన వారి సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాన్ని మన దగ్గర తప్పుగా ఎత్తి చూపుతుంటారు. చికాగోలో ఇళ్లు కూల్చినందువల్ల వేరే చోటికి మారిన పిల్లలు పెద్దయ్యాక ఉద్యోగంలో ఉండే అవకాశం 9 శాతం, సంపాదన 16 శాతం ఎక్కువగా ఉన్నాయని ఆర్థికవేత్త ఎరిక్ చిన్ 2018లో చూపించారు. నిజమే, కానీ ఆ కుటుంబాలకు ఎక్కడైనా అద్దె ఇల్లు వెతుక్కునేందుకు ప్రభుత్వ అద్దె సాయం అందింది. మన దగ్గర ఖాళీ చేయించడమంటే సాధారణంగా ఊరి చివర ఒక ఫ్లాటు చూపించడమే. దానికి దగ్గరి ఉదాహరణ అహ్మదాబాద్‌ది. అక్కడ 1987లో శ్రామిక మహిళలకు లాటరీ ద్వారా ఊరికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఇళ్లు కేటాయించారు. పద్నాలుగేళ్ల తరువాత వెళ్లి చూసిన పరిశోధకులకు కనిపించినది ఏమిటంటే, లాటరీ గెలిచిన వారిలో 34 శాతం అసలు అక్కడికి చేరనే లేదు, 32 శాతం చేరి కొంతకాలానికి వచ్చేశారు, కుటుంబ ఆదాయంలో గానీ పిల్లల స్థితిగతుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇల్లు బాగుంది, అయితే కష్టానికి ఆదుకునే చుట్టుపక్కల వాళ్లు దూరమయ్యారు.

ఇది మీ వీధికి ఎందుకు సంబంధించినదంటే, ఆ బ్లాకుల్లో ఉన్నవారే మీ వీధిని నడుపుతున్నారు. మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి, ఉదయం సందు మొగన ఇడ్లీ బండి పెట్టే దంపతులు, మోటారు బాగుచేసే కుర్రవాడు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసి సాయంత్రం మీ వీధి కిరాణా కొట్టులోనే సరుకులు కొనే వారు, అందరూ అక్కడివారే. వారిని ఊరి అంచున ఉన్న జక్కంపూడికో అంతకంటే దూరానికో పంపించి స్థలం ఖాళీ చేస్తే ఈ పనులన్నిటికీ మీ వీధి ఎక్కువ ధర చెల్లించవలసి వస్తుంది, కిరాణా కొట్టుకు బేరం పడిపోతుంది. అందుకే పాత నివాసులు అదే స్థలానికి తిరిగి వస్తారా లేదా అన్నది వారి హక్కు మాత్రమే కాదు, చుట్టుపక్కల వారి స్వప్రయోజనం కూడా. వీధి పెద్దలు ఈ ఒక్క విషయంలోనైనా బ్లాకుల వారితో కలిసి మాట్లాడితే మంచిది. సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం, ఇరువైపులా వారూ విడివిడిగా అర్జీలు పెట్టుకుంటారు.

అద్దెల విషయంలో రెండు దశలుగా ఆలోచించాలి. కట్టడం సాగుతున్న కాలంలో పాత నివాసులు తమ పిల్లల బడి, తమ పని వదులుకోలేక చుట్టుపక్కలే ఒక గది, రెండు గదుల వాటాలు వెతుక్కుంటారు. అప్పుడు మీ వీధిలో చిన్న వాటాల అద్దె పెరుగుతుంది, యజమానిగా మీకు అది లాభమే. ఆ వీధుల్లో ఇప్పటికే అద్దెకున్న కుటుంబాల మీద మాత్రం భారం పడుతుంది. పని రెండేళ్లనుకున్నది ఐదేళ్లయితే ఈ ఇబ్బంది కూడా ఐదేళ్లు ఉంటుంది, మన రాష్ట్రంలో టిడ్కో (పట్టణ పేదలకు ఫ్లాట్లు కట్టే ప్రభుత్వ సంస్థ) ఇళ్ల లబ్ధిదారులు చాలామంది ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు వాయిదాలూ, ఉంటున్న ఇంటి అద్దె రెండూ కట్టిన సంగతి అందరికీ తెలిసినదే. కట్టడం పూర్తయ్యాక పరిస్థితి మారుతుంది. అమెరికాలో తక్కువ ఆదాయపు పేటల్లో పెద్ద అపార్ట్‌మెంట్లు వచ్చినప్పుడు చుట్టూ అద్దెలు, పోల్చదగిన ఇతర చోట్లతో చూస్తే, సుమారు 6 శాతం తగ్గాయని ఒక పరిశోధన చెబుతోంది. కొత్త ఫ్లాట్లు అద్దెకు దొరుకుతుంటే పాత వాటాకు అంత ఇచ్చేవారు ఉండరు గదా. కాబట్టి మీ పై వాటా అద్దె కొంతకాలం పెరిగి, తరువాత అక్కడే నిలిచిపోతుందని అనుకోవచ్చు.

దొంగతనాలూ గొడవల గురించి తక్కువే చెబుతాను. అట్లాంటా, చికాగో నగరాల్లో ప్రభుత్వ ఇళ్లు పడగొట్టిన తరువాత ఆ స్థలాల చుట్టూ నేరాలు బాగా తగ్గాయి. పాత నివాసులు ఒక్కసారిగా ఎక్కువమంది వెళ్లి చేరిన కొన్ని పేటల్లో మాత్రం తగ్గవలసినంత తగ్గలేదు. పని జరిగే కాలంలో చీకటి పడ్డాక ఖాళీ బ్లాకులు, సగం కూల్చిన గోడలు ఉన్న చోట దీపాలు, కాపలా ఉండేలా చూసుకోండి. నా అనుభవంలో వీధివారి ఫిర్యాదులన్నీ ఆ ఖాళీ నెలలవే.

మన జిల్లాల్లో ఇంతవరకూ జరిగిన పథకాలను ఈ కోవలో చేర్చలేమని కూడా చెప్పాలి. 2005 చివర మొదలైన జేఎన్ఎన్‌యూఆర్ఎం అనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం కింద సింగ్ నగర్, జక్కంపూడి వైపు కట్టిన బ్లాకులన్నీ ఒకే వర్గానికి కేటాయించినవి. టిడ్కో లేఅవుట్లలో 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి, విజయవాడకు జక్కంపూడిలో, గుంటూరుకు అడవితక్కెళ్లపాడులో ఉన్నవి అటువంటివే. అది ఆదాయాల కలయిక అనిపించవచ్చు గానీ, నిజానికి పేదరికంలోనే మూడు అంతరాలు. పైగా రెండూ ఊరి అంచున ఉన్నాయి. ఊరి మధ్యలో, పాత స్థలంలోనే, మార్కెట్ ధర ఫ్లాట్లతో కలిపి కట్టడమన్నది 2015 నాటి ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో స్థలమే పెట్టుబడిగా అనే పద్ధతిగా కాగితం మీద ఉన్నా, మన వైపు పెద్దగా అనుభవం లేదు. అందువల్ల మీ వీధిలో జరగబోయేది నిజమైతే చూసి నేర్చుకోవడానికి పక్క పేట ఉండదు, కాగితాలు ముందే అడిగి చదువుకోవలసి ఉంటుంది.

ఆ కాగితాల్లో మొట్టమొదట చూడవలసినది మట్టాల పటం, అంటే నేల, రోడ్లు, కాలువలు ఎంతెంత ఎత్తులో ఉంటాయో చూపే పటం. కృష్ణకూ బుడమేరుకూ మధ్య మూడు కాలువలు, రైలు కట్టలతో ముక్కలైన ఊరు మనది. 2024 సెప్టెంబరు 1 నాటి బుడమేరు వరదలో సింగ్ నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఆ తరువాత విజయవాడలో ఎవరు ఏం కట్టినా మొదట చేసే పని స్థలాన్ని మెరక చేయడం. బుసకో గ్రావెలో తోలి మూడు అడుగులు ఎత్తు చేస్తారు, దాని మీద లోపలి రోడ్లు వేస్తారు. కొత్త ఫ్లాట్ల వారికి అది రక్షణే. కానీ అంతకుముందు ఆ సముదాయం పల్లంలో నిలిచి నెమ్మదిగా ఇంకిపోయిన వాన నీరు ఇప్పుడు సిమెంటు రోడ్డు మీదుగా జారి మీ వీధిలోకి వస్తుంది. మీ గుమ్మం అదే ఎత్తులో ఉన్నా, చుట్టూ నేల లేచింది కనుక మీరు పల్లంలో పడినట్టే. మెరక లేని వీధిలో ఒకరి తరువాత ఒకరు గుమ్మాలకు అడ్డుగా ఇటుకలు పేర్చుకోవడం, బాత్‌రూం గొట్టంలోంచి మురుగు వెనక్కి తన్నడం నేను చాలా పేటల్లో చూశాను.

అందుకని ఇంజనీరును అడగవలసిన ప్రశ్న ఎన్ని అంతస్తులు కడుతున్నారని కాదు. పూర్తయ్యాక వారి లోపలి రోడ్డు మట్టం మీ వీధి రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉంటుంది, వారి వాన నీటి కాలువ అడుగు మట్టం ఎంత, అది వెళ్లి కలిసే బయటి కాలువ అడుగు మట్టం ఎంత అని అడగండి. బయటి కాలువ అడుగు ఎత్తులో ఉంటే నీరు అటు పోదు, మీ వైపు తిరుగుతుంది. మురుగు గొట్టం సంగతి కూడా అంతే. పాత బ్లాకుల కోసం వేసిన గొట్టంలోకే రెండు మూడింతల ఇళ్ల మురుగు కలిపితే ముందుగా పొంగేది మీ వీధి మ్యాన్‌హోలే. నగరంలో వాన నీటి కాలువల కోసం కేంద్రం ఇచ్చిన 460 కోట్లకు పైచిలుకు పని ఏళ్ల తరబడి అసంపూర్తిగా ఉండిపోయిన చరిత్ర మనకుంది కనుక, కాలువ తరువాత వస్తుందన్న మాటను నమ్మి మెరకకు ఒప్పుకోవద్దు. మొదట బయటి కాలువ, తరువాత మెరక అని లిఖితపూర్వకంగా అడగండి.

రెండోది గేటు. ముంబైలో 1995 నుంచి నడుస్తున్న మురికివాడల పునరావాస పథకంలో స్థలం ఒకటే అయినా, చాలాచోట్ల అమ్మకానికి కట్టే టవరు రోడ్డు మీదికి, ఉద్యానవనంతో సహా ముఖం చేసి ఉంటుంది, పాత నివాసుల భవనాలు వెనుక ఇరుకుగా, వెలుతురు సరిగా లేకుండా ఉంటాయి. దారులు రెండు, గోడ ఒకటి. చుట్టుపక్కల వీధులకు దాని వల్ల దక్కేది వెనుక గేటు దగ్గర రద్దీ మాత్రమే. టొరంటోలో 69 ఎకరాల రీజెంట్ పార్క్‌ను 2005 నుంచి తిరిగి కడుతున్నప్పుడు దీనికి వ్యతిరేకంగా చేశారు. పాత ప్రణాళికలో మూసేసిన వీధులను మళ్లీ లోపలినుంచి వేశారు, పాత నివాసులకు తిరిగివచ్చే హక్కు ఇచ్చారు, పార్కును, 2012లో తెరిచిన ఈత కొలనును చుట్టుపక్కల వారందరూ వాడుకునేవిగా పెట్టారు. మీ వీధి చివర ఇప్పుడున్న గోడ తీసి అటువైపు రోడ్డుకు దారి ఇస్తే బస్సు ఎక్కడానికి మీరు తిరిగే దూరం తగ్గుతుంది, వీధి మొగన నాలుగు కొట్లు పెరుగుతాయి, మనుషుల రాకపోకలతో వీధికి కాపలా కూడా దొరుకుతుంది. బైకుల చప్పుడు కూడా పెరుగుతుంది, అది వేరే మాట. నా మొగ్గు దారి వైపే.

ఒకే ఆవరణలో ఉన్నంత మాత్రాన మనుషులు కలిసిపోతారని మాత్రం అనుకోకండి. చికాగోలో ఇలాంటి చోట్లను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు మార్క్ జోసెఫ్, రాబర్ట్ చాస్కిన్ చెప్పినదేమంటే, పొరుగున ఉన్నా స్నేహాలు పెద్దగా ఏర్పడలేదు, ఉమ్మడి స్థలాల మీద పెట్టిన ఆంక్షలు ఎక్కువగా పాత నివాసుల అలవాట్లకే తగిలాయి. మన దగ్గర ఆ తగాదా మేడ మీద వడియాలు ఎండబెట్టడం దగ్గర, పెళ్లికి లోపలి రోడ్డు మీద షామియానా వేయడం దగ్గర, వినాయక చవితి పందిరి దగ్గర మొదలవుతుంది. నిబంధనలు రాసే అసోసియేషన్‌లో రెండు వర్గాల వారూ ఉన్నారా అన్నదాన్ని బట్టి ఆ తగాదా లోపలే సర్దుకుంటుందో, వీధిలోకి వస్తుందో తేలుతుంది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, నిర్వహణ. అంతస్తుకు నాలుగు చొప్పున 16 ఇళ్లున్న పాత బ్లాకునే తీసుకోండి. సంపులో మోటారు ఒకటి, దాని స్టార్టర్ ఉన్న గది తాళం కింది అంతస్తులో ఎవరో ఒకావిడ దగ్గర ఉంటుంది. ఒకరోజు వైండింగ్ కాలిపోతుంది. రీవైండింగ్ ఖర్చును 16 ఇళ్లకు పంచితే పెద్ద మొత్తమేమీ కాదు. అయితే కింది వారికి కుళాయి నీరు అందుతుంది కనుక మోటారుతో తమకు పని లేదంటారు, అద్దెకున్నవారు యజమాని ఇవ్వాలంటారు, యజమాని వేరే ఊళ్లో ఉంటాడు, ఫోను ఎత్తడు. వారం గడిచేసరికి పై అంతస్తు వారు ఎవరికి వారు చిన్న మోటారు కొని సంపులో దించి నల్ల పైపులు గోడ వెంబడి పైకి లాగుతారు. ఆ పైపుల కీళ్ల దగ్గర కారి కారి మెట్ల గోడ తడుస్తుంది, పెచ్చులు ఊడుతాయి, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పైపు కొనలేనివారు బిందెలతో మీ వీధి కుళాయి దగ్గర వరుస కడతారు, అక్కడ మాటామాటా పెరుగుతుంది. వీధివారు దాన్ని బ్లాకుల వారి స్వభావమంటారు, నిజానికి అది కాలిపోయిన మోటారు తెచ్చిన తగాదా.

కొత్త కట్టడంలో లిఫ్టులు ఉంటాయి, మంటలార్పే పంపులు ఉంటాయి, ఖర్చు ఇంకా ఎక్కువ. మార్కెట్ ధరకు కొన్నవారు నెలకు రెండు మూడు వేలు మెయింటెనెన్స్ ఇవ్వగలరు, దినకూలీ మీద బతికే కుటుంబం ఇవ్వలేదు. ముంబైలో ఈ కారణంగానే పాత నివాసుల ఇంటికి ఒక్కోదానికి మొదట 20,000 రూపాయలు చొప్పున బిల్డరు చేత డిపాజిట్ కట్టించి, దాని వడ్డీతో నిర్వహణ నడపాలని నిబంధన పెట్టారు. మొత్తం చాలక తరువాత పెంచారు. మన దగ్గర నేను సూచించేది ఏమంటే, రోడ్డు మీదికి వచ్చే కొట్లను అమ్మకుండా అసోసియేషన్ పేరున ఉంచి, వాటి అద్దె పేదల బ్లాకుల లిఫ్టుకూ మోటారుకూ కేటాయించాలి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కింద అమ్మిన ఫ్లాట్లకు ఒక సంఘం రిజిస్టరై, కేటాయించిన ఫ్లాట్లకు ఏ సంఘమూ లేకపోతే, పదేళ్లలో ఒకే ఆవరణలో ఒక భవనం మెరుస్తూ, పక్కది పాత బ్లాకులాగే తయారవుతుంది. మీ ఇంటి విలువ నిజంగా పడిపోయే అవకాశం అంటూ ఉంటే అది అప్పుడే.

ఇక అమ్మకం విషయం. ఇప్పుడే అమ్మవద్దని నా సలహా. పుకారు దశలో కొనేవాడు భయాన్ని సాకుగా చూపి ధర తగ్గిస్తాడు, పని జరుగుతున్నప్పుడు దుమ్మును చూపి తగ్గిస్తాడు, కాబట్టి అమ్మదలిస్తే ఇళ్లు అప్పగించి ఒక వానాకాలం గడిచాక అమ్మండి. నీరు ఎటు పోతుందో అప్పటికి మీకూ కొనేవారికీ తెలుస్తుంది. ఈలోగా రెండు పనులు చేసుకోండి. పునాది పనులకు పైల్స్, అంటే నేలలోపలి కాంక్రీటు స్తంభాలు, దించేటప్పుడు పాత ఇళ్ల గోడలు బీటలు వారడం సాధారణం కనుక, పని మొదలుకాక ముందే ప్రతి గది గోడలనూ తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, ఒక ప్రతిని నగరపాలక సంస్థకు అర్జీతో జతచేసి రసీదు తీసుకోండి. రెండో పని, మీ దస్తావేజులో సముదాయం వైపు హద్దు ఏమని రాసి ఉందో చూడండి. ప్రభుత్వ స్థలం అని ఉండి, మీ మెట్లో సజ్జో మరుగుదొడ్డి గొయ్యో ఆ హద్దు దాటి ఉంటే, సర్వే చేసిన రోజున అది పోతుంది. పాత బ్లాకుల కాలంలో ఎవరూ కొలవలేదు, అమ్మకపు ఫ్లాట్లు వచ్చే స్థలంలో ప్రతి అడుగూ కొలుస్తారు. వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని కలిసి మీ హద్దు కొలత ముందుగానే చేయించుకుంటే, సర్దుకోవడానికి మీకు వ్యవధి ఉంటుంది.